చొంగ ఆగట్లేదా? గోలీలా, సూదా, మెషినా: మీ ఇంటి మనిషికి ఏది సరిపోతుంది

పార్కిన్సన్స్ (వణుకు, బిగుసుకుపోవడం తెచ్చే జబ్బు), పక్షవాతం, మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరాలు మెల్లగా పాడయ్యేది), మతిమరుపు జబ్బు, పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాకపోవడం). ఇలాంటి ఏళ్ల తరబడి ఉండే జబ్బుతో ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్లకు చొంగ కారడం చిన్న బాధ కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే వణుకు గురించి చెబుతాం, నడక గురించి చెబుతాం, బీపీ గురించి చెబుతాం. చొంగ మాట మాత్రం పక్కన కూర్చున్న మనిషి ముందు ఎత్తడానికి మనసొప్పదు. కానీ దానివల్లే ఆ మనిషి పెళ్లిళ్లకు రావడం మానేస్తాడు, నలుగురితో బంతిలో కూర్చోవడం మానేస్తాడు, మనవడు దగ్గరికొస్తే మొహం పక్కకు తిప్పుకుంటాడు.

మా నాయినకు పార్కిన్సన్స్. ఉండేది నల్లగొండలో. న్యూరాలజిస్టును, స్పీచ్ థెరపిస్టును, నర్సులను అడిగి తెలుసుకున్నవీ, చదివి సరిచూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాను. మందుల పేర్లు రాసింది షాపులో కొనుక్కోమని కాదు, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలని.

చొంగకు మంచి మందు ఏది అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఈ జబ్బుతో, ఈ వయసులో, ఇన్ని ఇతర మందులు వేసుకుంటున్న ఈ మనిషికి ఏది అని అడిగితే చెప్పగలరు. కాబట్టి ముందు మనిషిని చూద్దాం, తర్వాత మందు.

ఊరడం ఎక్కువైందా, మింగడం తగ్గిందా

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నోట్లో కూడా రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తుంటాం. చెరువు అలుగు పారుతోందంటే పై నుంచి వరద ఎక్కువైనా కావచ్చు, కింద తూము పూడుకుపోయినా కావచ్చు. పార్కిన్సన్స్‌లో, పక్షవాతంలో, మోటార్ న్యూరాన్ జబ్బులో, సెరిబ్రల్ పాల్సీలో ఎక్కువగా జరిగేది రెండోది. ఉమ్మి ఊరేది మామూలుగానే ఊరుతుంది, కొందరిలో ఇంకా తక్కువే. మింగడం నెమ్మదిస్తుంది, పెదాలు గట్టిగా మూతపడవు, తల ముందుకు వాలుతుంది. అందుకే వీళ్ల విషయంలో ఉమ్మిని ఎండబెట్టడం ఒక్కటే పనిగా పెట్టుకుంటే సగం సమస్య అలాగే మిగిలిపోతుంది.

నిజంగానే ఎక్కువ ఊరే సందర్భాలూ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మందులు. మానసిక జబ్బుకు ఇచ్చే క్లోజపిన్ వేసుకునేవాళ్లకు రాత్రి మెత్త తడిసిపోయేంత కారొచ్చు. మతిమరుపు జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, కండరాలు త్వరగా నీరసపడే మయస్తీనియా జబ్బుకు ఇచ్చే పైరిడోస్టిగ్మిన్ కూడా ఉమ్మిని పెంచుతాయి. నిద్ర గోలీలు, మత్తునిచ్చే గోలీలు ఇంకో రకంగా పని చెడగొడతాయి. మనిషి మగతగా ఉంటే మింగడం తగ్గుతుంది. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలు మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న గోలీల డబ్బా మొత్తం సంచిలో వేసుకుపోండి.

మన ప్రాంతంలో ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ముసలివాళ్లకు సాయంత్రం కల్లు అలవాటు ఉంటుంది. ఆ కల్లులో ఆల్‌ప్రజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు కలిపి అమ్మిన కేసులు ఇక్కడ కొత్త కాదు. అలాంటి కల్లు తాగినవాళ్లకు ఆ రాత్రి చొంగ ఎక్కువవుతుంది, పొరబోయే (పొలమారే) ప్రమాదమూ పెరుగుతుంది. అలాగని ఒక్కరోజులో మాన్పించకండి. కల్తీ కల్లుకు అలవాటు పడ్డ ఒళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌కు చెప్పి మెల్లగా మాన్పించాలి.

తర్వాత నోరు చూడండి. పుచ్చిపోయిన పన్ను, చిగుళ్ల వాపు, పూత, సరిగ్గా కూర్చోని పళ్ల సెట్టు, తంబాకు, గుట్కా, ఛాతీలోకి పుల్లగా ఎగదన్నడం, వీటన్నిటికీ ఉమ్మి ఎక్కువ ఊరుతుంది. పంటి డాక్టర్ దగ్గర ఒక్కపూటలో తీరే సమస్యకు నెలల తరబడి గోలీలు మింగించడం అన్యాయం.

ఇంకా ఒకటి గమనించాలి: కారేది నీళ్లలా పల్చగా ఉందా, జిగటగా తీగలు సాగుతోందా? ఈ తేడా చాలా ముఖ్యం. పల్చటి దానికి చేసే వైద్యం జిగటదానికి చేస్తే మనిషి మరింత ఇబ్బంది పడతాడు. దాని గురించి కింద విడిగా రాశాను.

నిన్నటిదాకా లేని చొంగ ఈ రోజు ఉన్నట్టుండి మొదలైతే ఈ పోలికలేవీ చదువుతూ కూర్చోకండి. మూతి ఒక పక్కకు పోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు, గంటలే లెక్క. పత్తిచేనులో మందు కొట్టి వచ్చిన మనిషికి నోట్లోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతూ, చెమటలు పట్టి, కంటి పాపలు చిన్నవైతే అది పురుగుమందు విషం. గొంతు వాచి ఉమ్మి కూడా దిగకపోయినా, కుక్క కరిచిన చరిత్ర ఉండి నీళ్లు చూస్తే భయపడుతున్నా అంతే. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఖర్చు లేనివి ముందు

ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ పార్కిన్సన్స్ మొదటి దశల్లో ఉన్నవాళ్లకు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకు చాలాసార్లు వీటితోనే సరిపోతుంది. వీటితో సైడ్ ఎఫెక్టులు లేవు. గోలీలు మొదలుపెట్టినా సూది వేయించినా వీటిని మానకూడదు.

కూర్చునే తీరు మార్చడం వీటన్నిటిలో పెద్దది. నడుమ కుంగిపోయిన నులక మంచం మీద కూర్చుంటే వెన్ను వంగి తల ఛాతీ మీదికి వాలుతుంది, నోరు తెరుచుకుంటుంది. చేతులున్న గట్టి కుర్చీలో, వెనక దిండు పెట్టి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. టీవీ కంటి ఎత్తులో ఉంటే తల దానంతట అదే లేస్తుంది. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక అరగంటైనా పడుకోనివ్వకండి. పడుకునేటప్పుడు వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పండి. ఉమ్మి గొంతులోకి జారడం కన్నా మెత్త మీదికి కారడం మేలు. మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో మెడ, వెన్ను కర్రలా బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల తలను బలవంతంగా ఎత్తొద్దు. వాళ్లకు కుర్చీ వీపును కొద్దిగా వెనక్కి వాల్చి చూడాలి, ఎంత వాల్చాలో ఫిజియోథెరపిస్టును అడగాలి.

రెండోది మింగమని గుర్తు చేయడం. పార్కిన్సన్స్‌లో చాలామందికి మింగే శక్తి ఉంటుంది, తనంతట తాను మింగడం తగ్గుతుంది. మాట మొదలుపెట్టే ముందు ఒకసారి, కుర్చీలోంచి లేచే ముందు ఒకసారి, ఫోన్‌లో కొద్ది నిమిషాలకోసారి మోగే అలారంతో ఒకసారి "మింగు నాయినా" అంటే అలవాటవుతుంది. పదిమందిలో నోటితో చెప్పకుండా మోచేతి మీద తట్టే గుర్తు పెట్టుకుంటే వాళ్లకు చిన్నతనం ఉండదు. పళ్లు గట్టిగా ఉండి, తెలివి సరిగ్గా ఉండి, పొరబోయే అలవాటు లేనివాళ్లకు చక్కెర లేని చూయింగ్ గమ్ బాగా పనిచేస్తుంది. నములుతుంటే మింగడం దానంతట అదే వస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు ఇది మంచి ఉపాయం. మతిమరుపు ఉన్నవాళ్లకు, తినేటప్పుడు దగ్గు వచ్చేవాళ్లకు గమ్ గానీ, చప్పరించే బిళ్లలు గానీ, వక్కలు గానీ అసలు ఇవ్వకండి.

బట్టల సంగతి. మెడకు కట్టే బిబ్బులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లోపల ప్లాస్టిక్ పొర ఉన్నవి చొక్కా తడవకుండా బాగానే కాపాడతాయి. రాత్రిపూట, తినేటప్పుడు వాడండి. పగలు నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం పెద్దమనిషి మెడకు చిన్నపిల్లల బిబ్బు కట్టడం నాకు ఇష్టం లేదు. మన దగ్గర మగవాళ్ల భుజాన కండువా ఎప్పుడూ ఉండేదే. మెత్తటి నూలు కండువా, జేబులో రెండు దస్తీలు ఇవ్వండి. అమ్మలకు కొంగే ఉంది, దాని లోపలి వైపు తువ్వాల ముక్క కుట్టి ఇస్తే బయటికి కనపడదు. చేయి ఆడేవాళ్లకు మణికట్టుకు తువ్వాల పట్టీ కడితే తమంతట తాము తుడుచుకుంటారు. ఇంకొకరితో తుడిపించుకోవడం కన్నా అది ఎంతో నయం. ఏ గుడ్డయినా రుద్దొద్దు, అద్దాలి. రుద్దితే గడ్డం కింద చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. పొద్దున, రాత్రి కడిగి ఆరబెట్టి, వాసన లేని వ్యాసెలిన్ లేదా జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయండి.

నోరు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయాలి, పైపు ద్వారా ఆహారం తీసుకునేవాళ్లకు కూడా. ఎలాగూ నోటితో తినట్లేదు కదా అని వదిలేస్తారు చాలామంది. కానీ మురికి నోట్లోని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చేది న్యుమోనియా. చొంగ కన్నా అసలు భయపడాల్సింది దానికే. తిన్నాక గొంతు తడితడిగా, గురగురమంటున్నా, తరచూ సన్న జ్వరం వస్తున్నా వెంటనే చూపించాలి.

ఒక పని మాత్రం చేయకండి: ఉమ్మి తగ్గుతుందని నీళ్లు తగ్గించడం. చొంగ ఆగదు, ఉమ్మి జిగటగా మారుతుంది. పైగా మలబద్ధకం, మూత్రంలో మంట. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి.

స్పీచ్ థెరపిస్టు దగ్గరికి ఎందుకు

స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పించేవాళ్లు మాత్రమే అనుకుంటాం. మింగడాన్ని పరీక్షించి సరిచేసేదీ వాళ్లే. ఏ చిక్కదనంలో జావ ఇస్తే పొరబోదు, తల ఏ కోణంలో ఉంచి మింగాలి, పెదాలు మూసే వ్యాయామాలు ఏవి, ఇవన్నీ మనిషిని చూసి చెబుతారు. గోలీల కన్నా ముందు ఒక్కసారైనా చూపించడం మంచిది. మింగడం ఎంత చెడిందో తెలియకుండా ఉమ్మి ఎండబెట్టే మందు ఇస్తే పైకి చొంగ తగ్గినట్టు కనిపించి, లోపల పొరబోవడం కొనసాగుతూనే ఉంటుంది.

జిల్లా ఆసుపత్రిలో ముందు అడగండి. దొరక్కపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి సమస్యలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. పిల్లలకైతే అక్కడే ఉన్న జాతీయ మేధో వైకల్య సంస్థ, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలు మొదటి మెట్టు. పిల్లల విషయంలో ఇంకో మాట. రెండేళ్లలోపు చొంగ మామూలే. నాలుగేళ్లు దాటినా తగ్గకపోతేనే వైద్యం ఆలోచిస్తారు.

గోలీలు: ఒక్కొక్కటి ఎవరికి మంచిది, ఎవరికి కాదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, తొందరపడేదీ ఇక్కడే. ఈ గోలీలన్నీ చేసే పని దాదాపు ఒకటే. గ్రంథులకు "ఉమ్మి ఊరించు" అని చెప్పే నరాల సంకేతాన్ని అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే అదే సంకేతం పేగులను కదిలిస్తుంది, మూత్రాశయాన్ని ఖాళీ చేయిస్తుంది, చెమట పట్టిస్తుంది, జ్ఞాపకశక్తికి పనికొస్తుంది. ఒక్క నోటి కోసం ఇచ్చిన గోలీ వీటన్నిటి మీదా పడుతుంది.

ట్రైహెక్సీఫెనిడిల్ మనకు ఎక్కువ తెలిసిన మందు. పాతది, చవక, ప్రభుత్వ దవాఖానల్లోనూ ఉంటుంది. పార్కిన్సన్స్ వణుకుకు కూడా ఇస్తారు. యాభై ఏళ్ల మనిషికి, వణుకూ చొంగా రెండూ ఉంటే ఒకే గోలీతో రెండు పనులు జరగొచ్చు. డెబ్బై దాటినవాళ్లకు మాత్రం నేనైతే వద్దనే అడుగుతాను. ఇది మెదడులోకి సులువుగా వెళ్తుంది. మరపు, అయోమయం, లేనిది కనిపించడం మొదలవుతాయి. రాత్రిపూట "గోడ మీద ఎవరో ఉన్నారు" అంటుంటే జబ్బు ముదిరిందనుకుంటాం, కారణం గోలీ కావచ్చు. ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లకు ఒక్కసారిగా ఆపితే బిగుసుకుపోతారు కాబట్టి డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

గ్లైకోపైరోలేట్ మెదడులోకి చాలా తక్కువ వెళ్తుంది. అందుకే పెద్దవయసు వాళ్లకు, మెదడు జబ్బులున్నవాళ్లకు గోలీల్లో మొదట ఆలోచించాల్సింది ఇదే. అమెరికాలో 2010లో నరాల జబ్బులున్న 3 నుంచి 16 ఏళ్ల పిల్లల చొంగకు దీని సిరప్‌ను ఆమోదించారు. తిన్నాక వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటలకో ఇవ్వాలి. పనిచేయలేదని డోసు పెంచే ముందు ఏ టైముకు ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి. మెదడును వదిలేస్తుంది గానీ పేగులను, మూత్రాశయాన్ని వదలదు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

అమిట్రిప్టిలిన్ రాత్రి పూట తక్కువ డోసులో ఇస్తారు. నిద్ర పట్టక, మనసు కుంగి, ఒంటి నొప్పులతో ఉన్న మోటార్ న్యూరాన్ రోగికి ఇది మంచి ఎంపిక కావచ్చు, చొంగతోపాటు మిగతావీ తగ్గుతాయి. గుండె లయ సమస్యలున్నవాళ్లకు, లేవగానే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు మంచిది కాదు.

అట్రోపిన్ కంటి చుక్కలను నాలుక కింద వేయించే పద్ధతి ఒకటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ డాక్టర్లు వాడేదే. ప్రభావం కొన్ని గంటలే, కాబట్టి అవసరమైన పూటకు వాడుకోవచ్చు. శుభకార్యానికో ఊరికో వెళ్లే రోజు దీనికి సరైన చోటు. ఎన్ని చుక్కలో డాక్టర్ చెప్పిందే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. నాలుక కింద వేసినా రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళ్తుంది. మతిమరుపు ఉన్నవాళ్లకు, భ్రమలు కలిగేవాళ్లకు ఇది కూడా పనికిరాదు. ఆ సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి.

చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీ మూడు రోజులకోసారి మారిస్తే చాలు, గోలీ మింగలేనివాళ్లకు వీలు. కానీ మన జిల్లాల్లో మామూలు మందుల షాపులో అడిగితే దొరికేది కాదు. అయోమయం తెచ్చే గుణం దీనికీ ఉంది.

ఏ గోలీ అయినా మొదలుపెట్టే ముందు డాక్టర్‌కు ఈ నాలుగు విషయాలు అడక్కపోయినా చెప్పండి: ప్రొస్టేట్ వాపు లేదా మూత్రం ఆగిపోవడం, కంటి ప్రెషర్ అంటే గ్లాకోమా, తీవ్రమైన మలబద్ధకం, మరపు లేదా భ్రమలు. పార్కిన్సన్స్‌లో మలబద్ధకం ముందే ఉంటుంది, ఈ గోలీతో నాలుగైదు రోజులు ఆగిపోయేదాకా వస్తుంది. మూత్రాశయానికి వేసుకునే ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, జలుబు, దురద గోలీలు కూడా ఇదే గుణం ఉన్నవే, అన్నీ కలిస్తే ప్రభావం రెట్టింపవుతుంది. డోనెపెజిల్ వేసుకునే మనిషికి ట్రైహెక్సీఫెనిడిల్ కూడా రాస్తే ఒకటి పట్టి పైకి లాగితే ఇంకొకటి కిందికి లాగినట్టే. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రాసినప్పుడు ఇలా జరుగుతుంది, కలిపి చూసేవాళ్లు ఇంట్లో మనమే.

ఎండాకాలం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఈ గోలీలు చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. రేకుల ఇంట్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం, మంచాన ఉన్న మనిషికి ఇది వడదెబ్బ దాకా తెస్తుంది. మార్చిలోనే డాక్టర్‌ను కలిసి ఏప్రిల్, మే నెలలకు డోసు తగ్గించాలా అని అడగండి. ఒళ్లు పొడిగా కాలిపోతూ, మనిషి మగతగా ఉంటే తడిగుడ్డతో తుడుస్తూ దవాఖానకు తీసుకెళ్లాలి.

సూది: బొటులినం

ముడతలకు వేస్తారని విన్న బొటాక్స్ కోవకు చెందిన మందే ఇది. చెవుల ముందున్న రెండు గ్రంథుల్లో, దవడ కిందున్న రెండు గ్రంథుల్లో సన్న సూదితో వేస్తారు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తే ఇంకా మంచిది. మనం ఊరకే ఉన్నప్పుడు ఊరే ఉమ్మిలో ఎక్కువ భాగం దవడ కింది గ్రంథులదే. పెద్దవాళ్లకు మత్తు అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. వారం, రెండు వారాల్లో గుణం కనిపించి, మూడు నాలుగు నెలలు ఉంటుంది. తర్వాత మళ్లీ వేయించాలి. పెద్దవాళ్ల దీర్ఘకాలపు చొంగకు అమెరికాలో 2018లో ఒక రకాన్ని, 2019లో మరో రకాన్ని ఆమోదించారు.

గోలీతో పోలిస్తే దీని గొప్పతనం ఒక్కటే, కానీ పెద్దది: వేసిన చోటే పనిచేస్తుంది. మలబద్ధకం, మూత్రం ఆగడం, మరపు లాంటివి రాకుండా చొంగ తగ్గుతుంది. గోలీ మర్చిపోయే గొడవ లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. నోరు మరీ ఎండిపోవచ్చు. మందు పక్క కండరాల్లోకి పాకితే కొన్ని వారాలు మింగడం, నమలడం ఇంకా కష్టమవుతుంది. గోలీ అయితే ఆపేయొచ్చు, సూది వేశాక తీయలేం. అందుకే అలవాటున్న చేయి కావాలి, మొదటిసారి తక్కువ డోసుతో మొదలుపెట్టమనాలి. రక్తం పల్చబడే మందులు వేసుకుంటుంటే, మయస్తీనియా ఉంటే తప్పకుండా చెప్పాలి.

ఖర్చు వేలల్లో ఉంటుంది, మూడు నాలుగు నెలలకోసారి. ప్రయాణం వేరే. ఈ సూది వేసే న్యూరాలజిస్టులు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నారు, నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో కనుక్కోవాలి. నల్లగొండ వైపు వాళ్లు బీబీనగర్ ఎయిమ్స్‌లో కూడా అడగొచ్చు, సికింద్రాబాద్ రైలు దారిలోనే ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది గానీ అన్ని చికిత్సలూ అందులోకి రావు. ఈ సూదికి వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి బయల్దేరండి.

చాలామంది దీన్ని చిట్టచివరి దారి అనుకుంటారు. నా ఉద్దేశం వేరు. ప్రొస్టేట్ సమస్యో, మరపో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి గోలీలన్నీ ఒక్కొక్కటిగా వేసి చూసి, ఒకసారి మూత్రం ఆగి, ఒకసారి పిచ్చిచూపులు చూసి, ఆ తర్వాత సూదికి రావడం కన్నా, ఇంటి విషయాలు సరిచేసుకున్నాక నేరుగా సూది గురించి అడగడమే మేలు. డబ్బు కుదిరితే.

సక్షన్ మెషిన్

నోట్లో చేరిన ఉమ్మిని గొట్టంతో పీల్చేసే మెషిన్ ఇది. నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న పార్కిన్సన్స్ మనిషికి అక్కర్లేదు. మోటార్ న్యూరాన్ జబ్బు ముదిరినవాళ్లకు, మంచం పట్టి ఉమ్మి మింగలేక, ఉమ్మలేక గొంతులో గురగురలాడేవాళ్లకు మాత్రం ఇది ఇంట్లో ఉండాల్సిందే. కొనేటప్పుడు బ్యాటరీ ఉన్నది చూడండి. గాలివాన వస్తే రాత్రంతా కరెంటు రాని ఊళ్లలో కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి తోడుగా ఉంటే ధైర్యం. బుగ్గల లోపల, నాలుక పక్కన, కనిపించేంత వరకే పీల్చాలి. గొంతు లోపలికి తోస్తే వాంతి వస్తుంది, రక్తం వస్తుంది. నర్సు పక్కనుండి మీ చేత చేయించి చూపించాకే ఇంటికి తెచ్చుకోండి. గొట్టం, సీసా రోజూ కడగకపోతే అదే జబ్బుల పుట్ట అవుతుంది.

తెలంగాణలో ప్రభుత్వ ప్యాలియేటివ్ కేర్ కార్యక్రమం కింద మంచాన ఉన్నవాళ్ల ఇంటికే వచ్చి చూసే బృందాలున్నాయి. జిల్లా ఆసుపత్రిలో గానీ, ఊరి ఆశా కార్యకర్త ద్వారా గానీ కనుక్కోండి. ప్యాలియేటివ్ అంటే చివరి రోజులని భయపడక్కర్లేదు, బాధ తగ్గించడానికి ఏ దశలోనైనా వస్తారు.

జిగటగా ఉంటే

మోటార్ న్యూరాన్ జబ్బులో పల్చటి చొంగ, గొంతులో జిగట కఫం రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. జిగటే ఎక్కువ బాధ పెడుతుంటే పైన చెప్పిన గోలీలు తగ్గించాలి, పెంచకూడదు. నీళ్లు సరిపడా ఇవ్వడం, ఆవిరి, సెలైన్ నెబ్యులైజర్, కార్బోసిస్టీన్ లాంటి కఫం పల్చబరిచే మందులు, ఫిజియోథెరపిస్టు చేయించే దగ్గు సాయం పనికొస్తాయి. ఆవిరి పట్టేటప్పుడు వేడినీళ్ల గిన్నె ఒళ్లో పెట్టకండి, చేయి వణికే మనిషి ఒళ్లు కాల్చుకుంటాడు.

ఆపరేషన్, రేడియేషన్ కూడా ఉన్నాయి. గ్రంథి నాళాన్ని కట్టేయడం, దారి మళ్లించడం, గ్రంథిని తీసేయడం ఆపరేషన్లు. ఎక్కువగా సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో, మిగతావన్నీ విఫలమయ్యాక ఆలోచిస్తారు, ఆ తర్వాత పళ్లు పుచ్చే ప్రమాదం పెరుగుతుంది. గ్రంథులకు రేడియేషన్ ఏ మందుకూ లొంగని మోటార్ న్యూరాన్ రోగులకు కొన్నిచోట్ల ఇస్తారు. చాలా ఇళ్లకు ఇక్కడిదాకా వచ్చే అవసరం పడదు.

నన్నడిగితే

పార్కిన్సన్స్ ఉన్న అరవై ఏళ్ల మనిషి, తెలివి చురుగ్గా ఉంది, బయట తిరుగుతాడు: ముందు పార్కిన్సన్స్ గోలీల టైము సరిచేయించండి. మందు గుణం దిగిపోయిన గంటల్లోనే చొంగ ఎక్కువవుతుంటే టైము మార్చడంతోనే తగ్గొచ్చు. దానికి తోడు కుర్చీ, గమ్, మింగే గుర్తు. సరిపోకపోతే గ్లైకోపైరోలేట్.

అదే మనిషికి డెబ్బై ఐదు, ప్రొస్టేట్ సమస్య ఉంది, రాత్రి తికమక పడుతున్నాడు: గోలీలు వద్దు, సూది.

పక్షవాతం వచ్చి రెండు నెలలు: తొందరపడొద్దు. మింగడం ఇంకా తిరిగి వస్తూ ఉంటుంది. స్పీచ్ థెరపిస్టు, నోటి శుభ్రం, కండువా. కొన్ని నెలలు చూశాకే మందు.

క్లోజపిన్ వేసుకునే తమ్ముడో చెల్లెలో: ఆ మందు మీ అంతట మీరు ఆపకండి, జబ్బు తిరగబెడుతుంది. పక్కకు పడుకోబెట్టడం, మెత్త మీద తువ్వాల, డోసు తగ్గించే వీలుందేమో సైకియాట్రిస్టును అడగడం.

మోటార్ న్యూరాన్ జబ్బు: ఏదో ఒకటి ఎంచుకుని ఆగే జబ్బు కాదు. నెలనెలా మారుతుంది. అమిట్రిప్టిలిన్ లేదా గ్లైకోపైరోలేట్‌తో మొదలుపెట్టినా, సక్షన్ మెషిన్‌ను అవసరం పడక ముందే తెచ్చి నేర్చుకోండి.

ఏది ఎంచుకున్నా మొదలుపెట్టే ముందు ఒక వారం, మొదలుపెట్టాక రెండు వారాలు క్యాలెండర్ మీద రాయండి: రోజుకు ఎన్ని దస్తీలు తడిశాయి, మెత్త తడిసిందా, తినేటప్పుడు ఎన్నిసార్లు దగ్గు వచ్చింది, విరేచనం అయ్యిందా, మూత్రం సరిగ్గా వస్తోందా. "కొంచెం తగ్గింది సార్" అంటే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు. పదీ పన్నెండు దస్తీలు నాలుగుకు వచ్చాయంటే డోసు ఇక పెంచకుండా అక్కడే ఉంచుతారు. పూర్తిగా ఆరిపోవాలని అడగకండి. నాలుక అట్టలా ఎండి, అన్నం ముద్ద గొంతు దిగట్లేదంటే మందు ఎక్కువైనట్టే, ఆ రోజే ఫోన్ చేసి తగ్గించాలా అని అడగండి. పొద్దుటి నుంచి మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బితే మాత్రం ఫోన్‌తో ఆగకుండా దవాఖానకు వెళ్లాలి.